ముందు జైలు సంగతి చెప్పే గార్డుగారు

మా పక్కింటి గార్డుగారు పోయారు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు మడిచి, కుర్చీలోనే ఒరిగిపోయారట. కబురు వినగానే నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఆయన మీద ఎప్పుడూ ముందు కోపమే వచ్చేది నాకు.

బతుకంతా గూడ్సు బళ్ళ మీద గార్డుగా తిరిగి, రిటైరయ్యాక ఈ హిందీ ఊళ్ళోనే, మా మంగ్లా పేటలో ఇల్లు కట్టుకున్నారు. హాయిగా కూర్చోవచ్చు కదా! కూర్చోలేదు. జైలు నుంచి వచ్చినవాళ్ళకి పూచీ ఉంటూ, పనులు వెతికిపెట్టడం మొదలుపెట్టారు.

అలా వచ్చినవాడే మా రైల్వే తెలుగువాళ్ళలో ఒక ఎలక్ట్రీషియను. నలభై దాటిన మనిషి. రాగి తీగ దొంగిలించి రెండేళ్ళు లోపలున్నాడు. గడువుకి ముందే షరతుల మీద వదిలారు. నెలనెలా ఆఫీసులో సంతకం పెట్టాలి, ఏదో ఒక పనిలో ఉండాలి, లేదంటే మళ్ళీ లోపలికే. సంతకానికి వెళితే "సాబ్ లేరు, రేపు రా" అనేవారు. మర్నాడు కూడా పని మాని వెళితే పనిచ్చినవాడు పొమ్మనేవాడు. పని చూసుకోమనేదీ వాళ్ళే, చేసుకోనివ్వనిదీ వాళ్ళే!

అది చాలదన్నట్టు గార్డుగారు. సదర్ బజార్‌లో ఏ దుకాణం మెట్టెక్కినా, నమస్కారం తరవాత మొదటి మాట, "ఇతను దొంగతనం చేసి జైలుకెళ్ళొచ్చాడు." రెండో మాట వినడానికి ఎవరుంటారు?

"రెండు నెలలు పని చేశాక చెప్పొచ్చు కదండీ" అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

"ఏటమ్మా అలాగంటావు? బండి ఇంకో గార్డుకి చార్జి ఇచ్చినప్పుడు ముందు బాగోనిదే చెప్తాం. ఏ డబ్బాకి బ్రేకు పట్టదో చెప్పకపోతే, తరవాత ఎక్కినోడి గతేటి?"

నాకంత ఓపిక లేదు. ఆయనకి తెలియకుండా, ఎరిగున్న కూలర్ల దుకాణానికి అతన్ని పంపించాను. ఆ రెండేళ్ళూ సీపత్‌లో కాంట్రాక్టరు దగ్గర ఉన్నాడని చెప్పాను. మూడు నెలలు బ్రహ్మాండంగా చేశాడు. ఎక్కడో తీగ పోతే పోలీసులు నేరుగా ఆ దుకాణానికే వచ్చారు. తీగ ఇంకెవరి దగ్గరో దొరికింది, కానీ ఇతని పని పోయింది.

"జైలుకెళ్ళాడని కాదు బహెన్‌జీ, మీరు అబద్ధం చెప్పారు" అన్నాడు యజమాని.

గార్డుగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అతన్ని వెంటబెట్టుకుని మళ్ళీ బయల్దేరారు. ఎన్ని మెట్లెక్కారో, ఎన్ని దిగారో! చివరికి మోటార్లకి వైండింగు చేసే షాపు ముసలాయన, "అచ్ఛా, చోరీ చేశాడు. వైండింగ్ ఆతా హై క్యా?" అన్నాడట. వచ్చంటే అప్పుడే పనిలో కూర్చోబెట్టాడు. ఆ సంగతి చెప్పడానికి మా ఇంటికొచ్చినప్పుడు, 'నేను చెప్పలేదా' అన్న మాట ఆయన నోట రాలేదు. ఆయన్ని తలుచుకుని నేను దండం పెట్టేది అందుకే.

గార్డుగారి కర్మలు అయిన రెండోనాడు మా కూలరు ఆగిపోయింది. షాపు నుంచి అతన్నే పంపారు. గేటు చప్పుడుకి తిరిగి చూశాను. అతను కనబడగానే నా చూపు బీరువాకి వేలాడుతున్న తాళంచెవుల మీదకి పోయింది. ఛీ, ఇన్నేళ్ళ తరవాత! అతను చూడనే చూశాడు. గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ముందు దానికి తాళం వేసీండి వదినా. తరవాత వస్తాను."

"నీ మొహం! నేనేమైనా అన్నానా? లోపలికి రా."

"మీరేటీ అనలేదు. వేసీండి."

వెయ్యనన్నాను. అయితే రానన్నాడు. ఈ మనిషి ఇంకా ఎన్నాళ్ళు ఇలా ముందే దొంగనని చెప్పుకోవాలని గార్డుగారితో దెబ్బలాడదామంటే ఆయన లేరు. ఎండ గుమ్మం మీదకి వచ్చేసింది. పనిముట్ల సంచి దించకుండా అతను బయట, బీరువాకి వీపు ఆనించి నేను లోపల, చెమటలు కక్కుతూ అలాగే నిలబడ్డాం.