మా బావ మెదడు ఫోటో

మా బావంటే నాకు మొదటినుంచీ కడుపుమంట. సూరత్‌లో, భేస్తాన్ వైపు, ఇద్దరం ఒకే షెడ్డులో మరమగ్గాలు నడుపుతాం. వాటిని మేం సాంచాలంటాం. నావి ఆరు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు, ఆయనవి ఎనిమిది. మా అక్క ఈ లెక్క ఎత్తని పండగ లేదు.

మా గల్లీలోనే పెరిగి పెద్ద చదువులు చదువుతున్న నేతవాళ్ళ అమ్మాయి మా ఇద్దరినీ స్కానింగుకు పిలిచింది. వయసు మీదపడ్డాక చెయ్యబోయే పనిని ఆపుకునే నిగ్రహం ఏమవుతుందో మెదడు ఫోటోలు తీసి చూస్తుందట. గొట్టంలాంటి మిషన్‌లో కదలకుండా పడుకోవాలి. పచ్చ బాణం కనిపిస్తే మీట నొక్కాలి, ఎర్రదైతే చెయ్యి ఆపుకోవాలి. ఈ ఒక్కదాంట్లోనైనా బావను ఓడిద్దామనుకున్నాను.

లోపల టకటకమని ఒకటే మోత. షెడ్డులో ఉన్నట్టే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. మాకు సాంచా ఆగిందంటే పోగు తెగిందనే. దిగ్గున లేవబోయాను. ఆగినప్పుడల్లా అదే తంతు.

"ఫోటోలన్నీ చెదిరినయ్ కాకా, పనికిరావు" అందా అమ్మాయి.

మోత ఆగుతుందని బావకు కావాలనే చెప్పలేదు. ఆయన వెంట్రుకంత కూడా కదలకుండా బయటికొచ్చాడు.

"ఇంత నిలకడ నేనెవ్వల్ల దగ్గర చూడలే పెద్దబాపూ" అందా అమ్మాయి బావతో.

బావ మీసం దువ్వాడు. "నీకు సబర్ లేదురా బామ్మర్దీ, ఓపిక లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడుగానీ గుర్తు రాలేదు, బావకు రెండేళ్ళుగా చెవులు వినిపించవు. సాంచాల మోతలో అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం కనుక షెడ్డులో ఎవరూ కనిపెట్టలేదు. నాకొక్కడికే చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇక్కడి కాగితం మీద కూడా చెవులు బాగున్నాయనే రాయించాడు.

మొహం గోడవైపు తిప్పుకుని అన్నాను, "నిలకడా లేదు, పాడూ లేదు బిడ్డా. మోత ఇనవడితే గద, ఆగినట్టు తెల్సేది. ఆయనకు చెవులు ఇనవడయి."

వినికిడి సరిగా లేనివాళ్ళను తీసుకోకూడదట. ఆ అమ్మాయి బావ కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఏమన్నవ్‌రా పిల్లతోని?" అన్నాడు బావ, నా పెదవుల వంక చూస్తూ.

"నిన్నే మెచ్చుకున్న బావా" అన్నాను, నోరు బాగా తెరిచి.

"మెచ్చుకునేటోడు మొకం అటెందుకు తిప్పుతడురా?" అన్నాడు.