తల ఊపిన తోటికోడలు

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ తోటికోడళ్లిద్దరికీ క్షణం పడేది కాదు. పెద్దామెది నోటి జోరు, చిన్నామెది మూతి ముడుపు. వాళ్లను కలిపింది పిండిమర.

మర నడిపే పెద్దామె భర్త గుండె ఆగి పోయినప్పుడు మర ఇక మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. పెద్దామెకు పిల్లలు లేరు. చిన్నామె భర్త లారీ నడుపుతూ ఊళ్లు తిరిగే మనిషి. ఒక ఉదయం పెద్దామె చెంగు బొడ్లో దోపుకుని వెళ్లి మోటారు వేసింది. చిన్నామె వెనకే వెళ్లి గోధుమల సంచి ఎత్తి తొట్టిలో పోసింది. ఇద్దరి జుట్టూ ముందు పిండితో తెల్లబడింది, తర్వాతే వయసుతో నెరిసింది.

ఆ గదికి ఒకటే కిటికీ. కరెంటు తీగల మీద కూడా పిండి పేరుకుని ఉండేది. మోటారు హోరులో పెద్దామె చెవులు మెల్లగా మందగించాయి. ఎవరైనా "సన్నగా పట్టమ్మా" అంటే, "మీ అన్న బాగానే ఉన్నాడు, ఇందాకే చూశాను" అనేది. వీధంతా నవ్వుకునేది, ఆవిడా నవ్వేది.

పెద్దామెకు దగ్గు మొదలైనప్పుడు ఇద్దరూ లెక్కచేయలేదు. పిండిలో బతికేవాళ్లకు దగ్గు రాదా అనుకున్నారు. కొన్నాళ్లకు సంచి ఎత్తలేకపోయింది. ఆ తర్వాత తలుపు దగ్గర నుంచి తొట్టి దాకా నడవలేక దారిలోనే కూలబడింది. పెదవులు నీలంగా మారడం చూసి చిన్నామె అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు పరీక్షలు చేసి, ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదని, మందు వాడితే ముదరకుండా చూసుకోవచ్చని చెప్పాడు. మరలోకి మళ్లీ అడుగు పెట్టొద్దన్నాడు. పొడి మందు పీల్చే ఇన్‌హేలర్ రాశాడు.

"పొడి పీల్చే కదయ్యా ఇలా అయ్యాను. మళ్లీ పొడే పీల్చమంటావా?" అంది పెద్దామె. డాక్టరుకూ నవ్వాగలేదు.

నర్సు ఓపిగ్గా నేర్పింది. క్యాప్సూల్ లోపల పెట్టి దానికి చిల్లు పడేలా నొక్కాలి. ఊపిరంతా బయటికి వదిలేసి, గొట్టం నోట పెట్టుకుని ఒక్క ఊపున గట్టిగా లాగాలి. కాసేపు బిగబట్టాలి. లోపల క్యాప్సూల్ గిర్రుమంటే మందు వెళుతున్నట్టు. ఆ గిర్రు పెద్దామెకు వినిపించదు. అందుకని చిన్నామె ఆవిడ చెంప దగ్గర చెవి పెట్టి వినేది. వినిపించగానే తల ఊపేది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే పని.

మందు బాగా పట్టింది. మరలోకి వెళ్లకపోయినా, పెద్దామె గుమ్మం బయట కుర్చీ వేసుకుని వచ్చేపోయే వాళ్లందరితో కబుర్లాడింది. కూరగాయల బండి అతనితో మునుపటిలాగే పోట్లాడింది. ఆ రోజుల్లో వాళ్లింట్లో దిగులు అనే మాటే లేదు.

తర్వాత ఒక చలికాలంలో ఛాతీలో చీము చేరి ఆస్పత్రిలో పడింది. ఎలాగో బయటపడింది కానీ సగం మనిషై ఇంటికొచ్చింది. మర్నాడు ఇన్‌హేలర్ నోట పెట్టుకుని లాగింది. చిన్నామె చెవి ఆనించింది. గిర్రు లేదు. సన్నటి గాలి మాత్రం వచ్చి పోయింది. పెద్దామె కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

చిన్నామె తల ఊపింది.

రేపటికి బలం వస్తుందిలే అనుకుంది. మర్నాడూ క్యాప్సూల్ తిరగలేదు. మళ్లీ తల ఊపింది. ఎలాగైనా చెప్పాలని దగ్గరికి వెళ్లడం, ఆ కళ్లు చూసి తల ఊపి రావడం, వారాల తరబడి ఇదే అయింది.

ఒక సాయంత్రం పెద్దామె రెండు ముద్దలు తిని ఆయాసంతో కంచం తోసేసింది. ఇక చిన్నామె వల్ల కాలేదు. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేసింది.

"అక్కా, అది తిరగట్లేదు. ఇన్నాళ్లూ నేను ఉత్తినే తల ఊపాను."

పెద్దామె ఇన్‌హేలర్ విప్పి క్యాప్సూల్ తీసి అరచేతిలో పెట్టింది. లోపలి పొడి అలాగే ఉంది.

"రోజూ చూస్తూనే ఉన్నానే," అంది.

"మరి చెప్పలేదేం?"

పెద్దామె ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు తల ఊపేదాకా భయంగా ఉండేది. ఊపాక తగ్గేది. నీకూ అంతే అనుకున్నాను."

మర్నాడు డాక్టరు కోప్పడలేదు. పొడి మందు లోపలికి పోవాలంటే రోగి ఊపిరికే బలం ఉండాలని, ఆ బలం తగ్గాక ఇది పనికిరాదని చెప్పి, మందును ఆవిరిలా చేసి మాస్కులోకి పంపే మిషన్ ఇచ్చాడు. చిన్నామె ఆయన్ని పక్కకు పిలిచి, ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగింది. ఆయన కొంచెం ఆలోచించి, జబ్బు ఇలాగే ఉండేదన్నాడు. ఈ నాలుగు వారాలు మాత్రం ఆవిడ ఇంత కష్టపడేది కాదన్నాడు. అంతకంటే ఆయన తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది చిన్నామెకు.

మిషన్‌తో కొన్నాళ్లు తేలిగ్గా గడిచాయి. వానలు మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం చిన్నామె మర ఆపి మంచినీళ్లిద్దామని ఇంట్లోకి వచ్చింది. పెద్దామె ముఖానికి మాస్కు ఉంది. మిషన్ నడుస్తోంది. ఆవిడలో ఊపిరి లేదు. చిన్నామె మిషన్ కట్టేయడానికి చెయ్యి చాచి, కట్టేయలేక, అది నడుస్తుండగానే ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

లారీ మనిషి కబురు అందుకుని వచ్చాడు. అంతా అయ్యాక ఒక రోజు భోజనాల దగ్గర చిన్నామె అతనికి ఏదీ దాచకుండా చెప్పింది, తల ఊపిన సంగతితో సహా. అతను లేచి, పెళ్లయ్యాక మొదటిసారి, ఇద్దరి కంచాలూ తనే కడిగాడు. మర్నాడు లారీ ఎక్కలేదు.