మా మరిది అరికాళ్లు, మా ఇంటి మొజాయిక్

మా మరిది ఏ వస్తువునైనా కాలితో చూస్తాడు. కళ్లు అతనికి ముఖం బోసిగా ఉంటుందని పెట్టారు తప్ప వాటితో పనేమీ లేదు. తివాచీ కొన్నా, అద్దె ఇల్లు వెతికినా, ముందు అరికాలు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. బాగుందా అని ఎవరైనా అడిగితే, "ఉండండి, కాలినడిగి చెప్తాను" అంటాడు. ఆ కాలు తొందరగా జవాబు చెప్పే రకం కాదు.

ఇంతకీ అతను చేసిన ఉద్యోగం చెప్పుల కొట్లో. జీవితమంతా ఊళ్లోవాళ్లకి చెప్పులు తొడిగి, తను మాత్రం ఉత్త కాళ్లతో తిరిగాడు. యజమాని బతిమాలితే ఓ జత తొడుక్కుని, అటు తిరగ్గానే కౌంటర్ కింద విప్పేసేవాడట. మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. "బజార్లో మీ ఏడో నంబరు కనిపించింది వదినా, ఎడమకాలు కాస్త వాచింది" అంటే, మా వియ్యపురాలికి ఒంట్లో బాగాలేదని నేను అర్థం చేసుకోవాలి. పెళ్లి చేసుకోలేదు. చేసుకున్నా ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలిసేది కాదు.

మా ఆయన ఆసుపత్రిలో పోయిన రోజు డాక్టరూ నర్సూ తలవైపు నిలబడి మెషీన్ చూస్తున్నారు. ఇతను కాళ్లవైపు నిలబడి, దుప్పట్లో చేతులు పెట్టి అన్నగారి పాదాలు పట్టుకున్నాడు. కాసేపటికి నెమ్మదిగా, "వదినా, అన్నయ్య వెళ్లిపోయాడు" అన్నాడు.

"మీరు ఊరుకోండి, మెషీన్ ఇంకా ఏమీ చెప్పలేదు" అని నర్సు కసిరింది.

కొంతసేపటికి మెషీన్ కూడా ఒప్పుకుంది. అతను జేబులోంచి మేజోళ్లు తీసి అన్నగారికి తొడిగాడు. ఎందుకురా ఇప్పుడు అంటే, "చలి వేస్తే ఎవరికి చెప్పుకుంటాడు వదినా" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత నా కళ్ల వంతు వచ్చింది. లోపల నరం ఎండిపోతోందని కళ్ల డాక్టరు చెప్పాడు. ముందు పక్కచూపు పోతుందట, నడిమధ్యది ఆఖర్న పోతుందట. పోయింది తిరిగి రాదు, చుక్కల మందుతో కొన్నాళ్లు ఆపి చూద్దాం అన్నాడు.

"ఇంట్లోవాళ్లని తీసుకురండి, వివరంగా చెప్తాను."

"నాకు చెప్పావుగా నాయనా, చాలు" అన్నాను.

చదువు మూడో తరగతిలో ఆగింది గాని నేనెక్కడా ఆగలేదు. ఈ ఇంట్లో అందరికీ దారి చెప్పినదాన్ని. రేపు కోడలు నా చెయ్యి పట్టుకుని, "ఇటు అత్తయ్యా, అటు అత్తయ్యా" అంటూ స్నానాలగదికి తీసుకెళ్తుంటే, ఆ బతుకు నావల్ల కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మందు సీసా పంచదార డబ్బా వెనక పెట్టాను.

సరిగ్గా అప్పుడే కింద ఎక్కడో పైపు కారి, ఇంట్లో నేలంతా ఉబ్బి పగిలింది. కొత్తది వేయించాలన్నారు. మా అబ్బాయి, కోడలు నన్ను టైల్స్ షాపుకి తీసుకెళ్లి, అద్దంలా మెరిసే తెల్ల టైల్స్ చూపించారు. ఆ తెలుపులో నేల ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. గుడ్డ కప్పిన శవంలా ఉంది ఆ గది. బాగున్నాయి అని చెప్పి కుర్చీ వదలకుండా కూర్చున్నాను.

మర్నాడు మా మరిది దిగాడు.

"మొజాయిక్ వేయిద్దాం" అన్నాడు.

"అవి పాతకాలంవి కదా చిన్నమామయ్యా" అంది కోడలు.

"నీ తెల్లవాటి మీద చుక్క నీళ్లు పడితే మనిషి నిలబడడమ్మా. మొజాయిక్ అయితే పరిచాక అరగదీస్తారు. ఎంత నున్నగా కావాలంటే అంత దగ్గర ఆపుకోవచ్చు."

"ఎంత దగ్గర ఆపాలి బాబాయ్?" అన్నాడు మా అబ్బాయి.

"కాలినడిగి చెప్తాను."

ఆ అడగడం వారాల తరబడి సాగింది. మొజాయిక్ పోసేచోట బిళ్లలన్నీ వరసగా పరిపించి, కళ్లు మూసుకుని వాటి మీద నడిచేవాడు. సన్న పలుకులది ఒకటి, లావు పలుకులది ఒకటి. కొట్టతను, "రంగు చూడండి సార్" అంటే, "రంగు కాలికి తగలదు బాబూ" అనేవాడు. ఓ రోజు బేరానికొచ్చిన పెద్దమనిషి ఇతన్ని గుడ్డివాడనుకుని, పాపం, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేశాడు. మా అబ్బాయి ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తుంటే కోడలు పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు.

ఆఖరికి బూడిద రంగు సిమెంటులో నలుపూ తెలుపూ రాతి పలుకులున్నవి ఖాయం చేశాడు. పక్షులకి గింజలు చల్లినట్టుంది అన్నాను. "ఏరుకు తినకు వదినా" అన్నాడు.

పని జరిగినన్నాళ్లూ మేం పక్కింటి పై వాటాలో ఉన్నాం. మరిదే దగ్గరుండి చేయించాడు. తిరిగొచ్చి చూస్తే ఇల్లంతా తళతళ. మధ్యలో మాత్రం బల్లచెక్కంత వెడల్పున ఒక చార, గదిగదికీ మలుపు తిరుగుతూ, పాలిష్ లేకుండా, గరుగ్గా, మొహం కడుక్కోని మనిషిలా.

"ఇదేం ఖర్మరా?"

"మెషీన్ రాయి అరిగిపోయింది వదినా."

"ఆ పాలిష్ వాణ్ణి మళ్లీ పిలువు."

"ఫోన్ ఎత్తడం లేదు."

"జన్మంతా పరాయివాళ్ల కాళ్లు పట్టుకున్నావు, ఒక్క పాలిష్ వాడి కాళ్లు పట్టుకోలేకపోయావా?"

తల గోక్కున్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ చార చూసి, పిసినారితనం అని కొందరు, చాదస్తం అని కొందరు అన్నారు. అన్నింటికీ అతను తలూపాడు. కోడలు సిగ్గుపడి దాని మీద చాపలు పరిచేది. ఇతను రోజూ వచ్చి వాటిని చుట్టి మూల పెట్టేవాడు.

"నేలకి ఊపిరాడదమ్మా" అనేవాడు.

"ఈయన్ని కూడా చుట్టి మూల పెట్టాలి" అనేదాన్ని నేను.

నా చూపు రోజురోజుకీ సన్నబడి సూది బెజ్జమంత మిగిలింది. ఒక పొద్దున్న మెలకువ వచ్చింది. ఇంకా తెల్లవారలేదనుకున్నాను. వీధిలో బడికెళ్లే పిల్లల గొడవ వినిపిస్తోంది. అప్పుడు తెలిసింది, తెల్లవారింది, నాకు తప్ప.

చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. ఎవరినైనా పిలవాలి. పిలిస్తే ఇక రోజూ పిలవాలి. గొంతుదాకా వచ్చిన పిలుపు మింగి, కాళ్లు కిందపెట్టాను. అరికాలికి గరుకు తగిలింది. ఒక అడుగు వేశాను, గరుకు. పక్కకి జరిగితే నున్నగా జారింది. వెనక్కి వస్తే మళ్లీ గరుకు. అలా పోతూ ఉన్నాను. ఒక మలుపు, స్నానాలగది తలుపు. ఇంకో మలుపు, వంటిల్లు. నేరుగా వెళ్తే వీధి గుమ్మం. ఏ కొస పట్టుకున్నా తిరిగి నా మంచం.

ఆ చార మధ్యలో నిలబడి మా మరిదిని మనసులోనే నోటికొచ్చినట్టు తిట్టాను.

తర్వాత టీ పెట్టాను. నా గిన్నెలు నా చేతులకి తెలుసు. అబ్బాయినీ కోడల్నీ పిలిచి, "నాకు కళ్లు పోయాయి. టీ చల్లారిపోతోంది, తాగండి" అన్నాను. కోడలు ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. (నేను చెప్తుంటే ఇది రాస్తున్నదీ ఆమే, ఏడవలేదంటోంది.) "చెయ్యి వదులు, దారి నాకు తెలుసు" అన్నాను.

కబురు తెలిసి మరిది వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు, ఉత్త కాళ్ల చప్పుడు నాకు తెలుసు.

"పొయ్యి దగ్గర మలుపు నాలుగు వేళ్లు లోపలికి పెట్టావు. నా నడుం గట్టుకి కొట్టుకుంది" అన్నాను.

అతని అడుగులు పొయ్యి దాకా వెళ్లి ఆ మలుపు దగ్గర ఆగాయి.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

"గడప దగ్గర నీ బొటనవేలు తడుముకోవడం మొదలెట్టినప్పుడు వదినా. నీది ఆరో నంబరు. ఎప్పుడూ తడుముకున్న కాలు కాదు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

ఆ మాటంటూనే వెళ్లి సానరాయి తెచ్చుకుని పొయ్యి దగ్గర చతికిలబడి, ఆ నాలుగు వేళ్ల మేర మెరుపు గీకేశాడు. గరగరమని చప్పుడు, మధ్యలో ముక్కు ఎగబీల్చుకోవడం. దుమ్మేనంటాడు.

"ఇప్పుడు చూడు, సరిపోయిందా?" అన్నాడు.

నేను వెళ్లి అరికాలు ఆనించాను. మూసుకోనక్కర్లేకపోయినా కళ్లు మూసుకున్నాను.

"ఉండు, కాలినడిగి చెప్తాను" అన్నాను. సాయంత్రం దాకా చెప్పలేదు.