చెడిన గుడ్డల గోడ

మొన్న మా అబ్బాయి తన ఆఫీసు చూపిస్తానని తీసుకువెళ్తే, అక్కడొక అద్దాల గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించి ఉన్నాయి. ఇక్కడ తప్పు చేస్తే ఎవరూ ఏమీ అనరు నాన్నా, కొత్తగా ప్రయత్నించడమే మా పద్ధతి అని వాడు గర్వంగా చెబుతుంటే, తలైతే ఊపాను గానీ చేతిలోని కాఫీ పక్కన పెట్టేశాను. ఆ మాట ఒకప్పుడు సూరత్‌లో నేను వాడికంటే గట్టిగా చెప్పినవాణ్ణే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సూరత్ పక్కనున్న కడోదరాలోని ఒక చీరల మిల్లులో నేను డిజైన్ మాస్టర్‌గా ఉండేవాణ్ణి. నన్ను అక్కడ పెట్టించింది మా చిన్నాయన. కరీంనగర్ వైపు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి, సూరత్‌లోని గోడాదరాలో కాపురముంటూ, ఆ మిల్లులోనే మగ్గం నడిపేవాడు. మిల్లు యజమాని సేఠ్ గారి చిన్నకొడుకు పెద్ద చదువులు చదివి వచ్చి, మిల్లులో ప్రతివాడూ ప్రయోగాలు చేయాలని ఒక మగ్గాన్ని ప్రత్యేకంగా కేటాయించాడు. కుదరని ముక్కలను దాచకుండా, నేసినవాడి పేరుతో గోడకు తగిలించమన్నాడు. నాకది ఎంత నచ్చిందంటే, ఆ పేర్ల చీటీలన్నీ నేనే కుదురైన హిందీ అక్షరాల్లో రాసేవాణ్ణి.

మా నేతవాళ్లకు చెడిన గుడ్డను నలుగురికీ చూపించే అలవాటు లేదు; గుట్టుగా కత్తిరించి ఇంట్లో మసిగుడ్డ చేసుకుంటారు. తన మొదటి ముక్క గోడకెక్కిన రోజున చిన్నాయన నా పక్కకొచ్చి, "గీ ఖరాబైన గుడ్డకు నా పేరెందుకు బిడ్డా, జర తీసెయ్యరాదు" అన్నాడు. నేను నవ్వి, కాలం మారింది చిన్నాయనా, ఇక్కడ ఇదే పరువు అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మాడు. నమ్మాక ఇక ఆగలేదు. సన్నటి పేకలో లావు పోగు కలిపి గరుకు నేత తేవాలని పంతం పట్టాడు; ఏడుసార్లు గుడ్డ ముడుచుకుపోయింది, ఎనిమిదోసారి కుదిరింది. ఆ చీర బాగా అమ్ముడుపోయింది. కుదిరిన గుడ్డ ఎవరి పేరూ లేకుండా బజారుకు పోతే, చెడిన ఏడూ ఆయన పేరుతో గోడ మీద ఉండిపోయాయి.

తర్వాత బేరాలు పడిపోయిన ఏడాది వచ్చింది. చిన్నకొడుకును పక్కకు నెట్టి, అంతవరకూ బజారులో కొట్టు చూసుకునే పెద్దకొడుకు పెత్తనానికి వచ్చాడు. సగం మగ్గాలు ఆపాలి, మనుషులను తీసేయాలి. ఎవరిని తీయాలో ఆయన ఎవరినీ అడగలేదు. నన్ను గోడ ముందు నిలబెట్టి, "పఢో, మాస్టర్" అన్నాడు. చదివాను. ఒకే పేరు ఏడుసార్లు చదివాను. ఎనిమిదో ముక్క సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా, ఇతను నీ మనిషా అని అడిగాడు. నా నౌకరీ కళ్ల ముందు మెదిలింది; కాదన్నాను. ఆ పిరికితనానికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

నేను కాదన్న సంగతి చిన్నాయనకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, తెలిసింది. "నీకు పిల్లలున్నరు గద" అన్నాడు, అంతే. మిల్లులో పని పోయాక ఓ పాత మగ్గాల షెడ్డులో చేరి, ఇచ్చిన నూలు ఇచ్చినట్టే నేసి వచ్చేవాడు.

ఇప్పుడు ప్రయోగాలు చేయండని కంపెనీలే బతిమాలుతున్నాయట, సంతోషమే. కానీ మునుపు మా ఇంట్లో ఏది పాడైనా అడగకుండానే విప్పి కూర్చునే ఆ మనిషి, ఆ తర్వాత పోయేదాకా, కారుతున్న కుళాయి ముందు కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ముట్టొచ్చా బిడ్డా" అని నన్ను అడిగేవాడు.