తెల్లగోడ మీద గోపురం

మా బర్రీన్య ఊళ్లో తెప్ప నడిపే పెద్దను మేస్త్రి అంటాం. ఎస్పెదీతు మేస్త్రి తెప్పమీద నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. ఆయన కాళ్లు ఒడ్డెక్కినా నోరు మాత్రం నీళ్లమీదే ఉండేది. కుడి, ఎడమ అన్న మాటలే వాడేవాడు కాదు. మా తీరంలో గాలి ఎప్పుడూ తూర్పు నుంచే గనక, ఆయనకు తూర్పు గాలిపక్క, పడమర గాలికింద. తెప్పకు ముందుకొస అణియం, వెనక కొస అమరం అయితే, ఆయన లెక్కలో ఇంటి వాకిలి అణియం, పెరడు అమరం. ఒకసారి మంగలిని అమరం వైపు ఇంకాస్త కత్తిరించమంటే, వాడు కత్తెర పట్టుకుని ఆయన చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేశాడు.

ఇంత వాగే మనిషి ఒక్క విషయంలో మూగవాడు. ఒడ్డునుంచి గంటన్నర దూరంలో, నీళ్లకింద ఆయనకొక రాయి ఉంది. దాని చుట్టూ పర్గు అనే ఎర్ర చేపలు మూగి ఉంటాయి. మా నలుగురి ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ రాయివల్లే. నీళ్లమీద దానికి ఏ ఆనవాలూ లేదు. ఒడ్డున ఉన్న రెండు వస్తువులు ఒకదానిమీద ఒకటి వచ్చేదాకా తెప్పను జరిపితే ఒక గీత దొరుకుతుంది, అది దారి. పక్కన మరో రెండు కలిస్తే ఇంకో గీత, అది అడ్డం. రెండు గీతలు కలిసిన చోట లంగరు వేయాలి. ఈ గుర్తులు మేస్త్రులు పెళ్లానికి కూడా చెప్పరు. మా మేస్త్రికి పెళ్లే లేదు గనక ఆ బెంగా లేదు.

రాయి దగ్గరపడేసరికి ఆయన, "నొనాతూ, తెరచాప తడుపు" అనేవాడు. తడిసిన నూలుగుడ్డ గాలిని బాగా పట్టుకుంటుంది, నిజమే. కానీ సరిగ్గా అప్పుడే ఎందుకు తడపాలి? నేను ఒడ్డుకు వీపు పెట్టి నీళ్లు చిమ్ముతూ ఉండేవాణ్ణి. మిగతా ఇద్దరూ గాలాలకు ఎరలు గుచ్చుతూ తలలు వంచుకునేవారు. నేను తిరిగి చూసేసరికి లంగరు దిగిపోయేది. మొదటి ఎనిమిదేళ్లూ నన్ను దొంగలా చూశాడన్న కోపం నాకుండేది, దాచడం దేనికి.

ఎనిమిదో ఏడు జూన్‌లో, పేతురు పండుగకు ఊరంతా ఇళ్లకు రంగులు వేసుకుంటోంది. ఇసుకదిబ్బ మీద ఒంటరిగా ఉండే జుల్మీర కూడా ఆకుపచ్చ రంగు డబ్బాలు రెండు కొనుక్కుంది. ఆమె భర్త ఒస్మారూ మేస్త్రే. జబ్బుచేసి పోయి అప్పటికి పదేళ్లు. ఆమె ఇల్లు ఎప్పుడూ తెల్లసున్నమే. ఆకుపచ్చ సంగతి చెవిన పడగానే మా మేస్త్రి తాగుతున్న కాఫీ కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రమే దిబ్బెక్కి, ఆకుపచ్చ వంటికి వేడి చేస్తుందని ఆమెకు చెప్పి వచ్చాడట. మర్నాడు ఒక వంజరం చేప పట్టుకెళ్లాడు. మూడోరోజు బస్తాడు సున్నం భుజాన వేసుకుని ఊరి నడిమధ్య నుంచి నడిచాడు. ఇంకేముంది, ఊరికి పండుగ రెండు రోజులు ముందే వచ్చింది. యాభై ఎనిమిదేళ్లకు మేస్త్రి ప్రేమలో పడ్డాడన్నారు. సారా అంగడి ముందు కూర్చున్నవాళ్లు, జుల్మీర ఇంట్లో లంగరు ఎన్ని బారలు దిగిందని అడిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ నోరు పెగల్లేదు. కాదంటే, మరి ఆ గోడతో నీకేం పని అంటారు. ఆ మాటకు జవాబు చెప్పిన రోజున రాయి ఊరందరిదీ అయిపోతుంది.

చివరికి జుల్మీర కబురు పంపింది. శనివారం పొద్దున్న కుంచె పడుతుందట, చెప్పేదేదైనా ఉంటే ముందే వచ్చి చెప్పమంది. ఆ శనివారం తెల్లవారుతూనే మేస్త్రి నన్ను వెంట తీసుకెళ్లాడు. ఆమె వాకిట్లో, తూర్పు కొసన, డబ్బా మూత తీసి కూర్చుని ఉంది. మేస్త్రి నావైపు తిరిగి, "నువ్వెళ్లి ఆ గాలికింద మూల నిలబడు" అన్నాడు. ఎప్పటిలాగే నన్ను దూరం పెడుతున్నాడని ఉడుక్కుంటూ వెళ్లాను.

"ఆకుపచ్చ ఎందుకొద్దో కారణం చెప్పు, మానేస్తా" అంది ఆమె. "వేడి చేస్తుందని మాత్రం అనకు."

ఆయన కాళ్లతో ఇసుక కెలుకుతూ నిలబడ్డాడు. ఆ మొండి మనిషిని అలా చూస్తే నాకే జాలేసింది. ఉన్న కోపం కాస్తా పోయింది.

"పోనీ నేను చెప్పనా" అంది ఆమె. "నీళ్లమీంచి చూస్తే చర్చి గోపురం నా గోడమీద కూర్చోవాలి. గోడ తెల్లగా లేకపోతే కొబ్బరిచెట్లలో కలిసిపోయి కనపడదు. అంతేనా?"

"నీకెవరు చెప్పారు?" మేస్త్రి ఇసుక కెలకడం ఆపాడు.

"ఒస్మారు. పోయే ముందు. గోడ రంగు మార్చొద్దన్నాడు, ఇంకెవరికైనా పనికొస్తుందన్నాడు. పదేళ్లనుంచి నా చేతులు బొబ్బలెక్కేలా సున్నం కొడుతున్నా. ఏ మగాడూ ఈ దిబ్బెక్కి, గోడ తెల్లగా ఉందమ్మా అని ఒక్క ముక్క అన్లేదు. నీ తెరచాప రోజూ అదే చోట ఆగడం ఈ వాకిట్లోంచి చూస్తూనే ఉన్నా. విసుగొచ్చింది, ఎస్పెదీతూ. ఆకుపచ్చ కొంటే అప్పుడైనా నోరు విప్పుతావేమో చూద్దామనుకున్నా."

తన ఒక్కడిదే అనుకున్న రాయి ఒస్మారుదీ అని, పైగా ఇన్నేళ్లూ తాను ఈమె కొట్టిన సున్నంవల్లే బతికానని ఆయనకు అప్పుడు తెలిసింది. తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మేఘం పట్టినా ఆయన తీయని టోపీ అది.

"ఒస్మారు నీకు దారి ఒక్కటే చెప్పాడు, అడ్డం చెప్పలేదు కదూ" అన్నాడు. "నేను చెప్తా, విను. ఎర్రగట్టు కొస, పాత ఉప్పు కొట్టు కప్పుతో కలవాలి. అప్పుడు లంగరు."

ప్రతి అక్షరం నా చెవిన పడింది. ఆమె రంగు డబ్బా మూత బిగించింది. మేస్త్రి చొక్కా చేతులు మడిచి సున్నం కలపడం మొదలుపెట్టాడు. నన్నూ పిలిచారు. మధ్యాహ్నానికి గోడ కళ్లు చెదిరేలా తయారైంది. వేయించిన చేప, కర్రపెండలం పిండి, బెల్లం పెట్టింది జుల్మీర. ఆకుపచ్చ రంగు వృథా కాకుండా తర్వాత అమరం వైపు గోడకు, అంటే పెరటి గోడకు వేసుకుంది. క్రిస్మస్‌కల్లా మేస్త్రి పడుకునే ఉయ్యాల ఆ ఇంటికి మారింది, అదీ గాలిపక్క గదిలోకే. ఊరు మాకు ముందే తెలుసంది. తెలియని సంగతి ఊరికి ఇప్పటికీ తెలియదు.

నేనూ పైకి చెప్పలేదు. చాటుగా విన్న మాటతో దొంగలా ఆరేళ్లు తెరచాప తడిపాను. మోకాళ్లు పట్టేసి ఆయన సముద్రం మానుకున్న రోజున చుక్కాని తెడ్డు నా చేతికిచ్చి, తెప్ప ఇక నాదే అన్నాడు. అప్పుడిక దాచలేక, ఆ శనివారం అంతా విన్నానని ఒప్పేసుకున్నాను, తప్పయిందన్నాను.

మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు.

"గాలి ఎటునుంచి వీస్తోందో తెలీకుండానే నిన్ను ఆ మూల నిలబెట్టాననుకున్నావుట్రా?"