వాపసు మావయ్య ముప్పై ఒక్క విజయాలు

వాపసు మావయ్య మొట్టమొదటి విజయం ఒక గొడుగు డెలివరీ ఖర్చు. గొడుగు ధర కాదు, అది ఎవరైనా రాబట్టుకుంటారు. ఆన్‌లైన్లో కొన్న గొడుగు నచ్చలేదని తిప్పి పంపితే కంపెనీ ధర ఇచ్చేసి, ఇంటికి తెచ్చిపెట్టినందుకు తీసుకున్నది మాత్రం నొక్కేసింది. రెండు కప్పుల టీ ఖరీదు. దానికోసం మావయ్య నలభై ఒక్క రోజులు పోరాడాడు. పదిహేడు ఫోన్లు చేశాడు, తొమ్మిది ఉత్తరాలు రాశాడు. ఆ తపాలా బిళ్ళల ఖర్చుతో ఇంకో గొడుగు వచ్చేదని అత్తయ్య తేల్చింది గానీ, ఇంతటి మహాకార్యం ముందు అలాంటి చిల్లర లెక్కలు ఎవరికి కావాలి?

పదిహేడో ఫోను వీధి వీధంతా విన్నది.

"ధర వాపసు చేశాం కదా సార్" అంది కంపెనీ అమ్మాయి.

"చేశారమ్మా. గొడుగు మా ఇంటికి నడిచొచ్చిందా?"

"లేదు సార్, డెలివరీ చేశాం."

"నేను గొడుగు అడిగాను. డెలివరీ అడిగానా?"

"డెలివరీ లేకుండా గొడుగెలా వస్తుంది సార్?"

"అదే నేనూ అంటున్నాను. రెండూ ఒకటే. ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకుంటే ఎట్లా? మీ నియమాల్లో ఏడో పేరా తియ్యి."

ఏడో పేరా కంపెనీవాళ్ళు తమంతట తాము, ఎవరూ చదవరనే ధీమాతో, చీమ కాళ్ళంత అక్షరాల్లో రాసుకున్నది. పద్నాలుగు రోజుల్లోపు ఆర్డరు మొత్తం తిప్పి పంపితే, వచ్చేటప్పటి మామూలు డెలివరీ ఖర్చు కూడా ఇచ్చెయ్యాలి. ముప్పై ఏళ్ళు రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన మనిషికి చీమ కాళ్ళు ఒక లెక్కా? భూతద్దం పెట్టి కంఠస్థం చేశాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువుకీ పద్నాలుగు రోజులు నిండేదాకా స్వేచ్ఛ లేదు. గోడ గడియారం అట్టపెట్టెలోనే టిక్కుటిక్కుమనేది. టైము కావలసినవాళ్ళు మూతెత్తి చూసుకోవాలి. కొత్త చెప్పులు వేసుకుని మావయ్య మంచం మీద మాత్రమే పచార్లు చేసేవాడు, అడుగున మట్టి అంటకూడదని. కొత్త కుర్చీకి ప్లాస్టిక్ తొడుగు తియ్యనివ్వలేదు. దాని మీద కూర్చున్న చుట్టాలు మాటమాటకీ జారి కిందికొచ్చేవాళ్ళు.

"ఆ పెళ్ళినాడే ఏడో పేరా చదివుంటే, పద్నాలుగు రోజుల్లో నేనే మిమ్మల్ని తిప్పి పంపేసేదాన్ని" అనేది అత్తయ్య.

"డెలివరీ ఖర్చు మీ నాన్న పెట్టుకున్నాడు. నీకు హక్కు లేదు" అనేవాడు మావయ్య, పేపరులోంచి తల ఎత్తకుండా.

కీర్తి పెరిగాక వీధిలోవాళ్ళు తమ తగాదాలు కూడా మోసుకొచ్చారు. కాపలాదారు ఇనపపెట్టె, బడి పంతులమ్మ కళ్ళజోడు, మూడో ఇంటి ముసలాయన చేతికర్ర, అన్నీ మావయ్య ఫైల్లోకెక్కాయి. పదకొండేళ్ళలో ముప్పై ఒక్క కేసులు, ముప్పై ఒక్క విజయాలు. ఓటమి అనే మాట ఫైల్లో లేదు. సేనాధిపతులకు కూడా ఇంత మంచి పేరు ఉండదు. మావయ్య ఈ సంగతి రోజూ భోజనాల దగ్గర మనవి చేసుకునేవాడు, ఎవరూ అడక్కపోయినా.

ఒకరోజు పక్కవాటా నర్సు కృతజ్ఞత చెప్పడానికి వచ్చింది. మావయ్య ఇంట్లో లేడు.

"నా బూట్ల డెలివరీ డబ్బులు వచ్చేశాయండీ అత్తయ్యగారూ. కంపెనీవాళ్ళు ఎంత పద్ధతైనవాళ్ళో, కవర్లో పెట్టి పంపారు."

"కవర్లోనా? నోట్లా?"

"నోట్లే. చిల్లరతో సహా. మావయ్యగారే తెచ్చిచ్చారు."

అత్తయ్య కవరు అడిగి చూసింది. గోధుమరంగు కవరు. మూలన పార్శిల్ ఆఫీసు పేరు అచ్చువేసి ఉంది. అలాంటివి రెండు కట్టలు అటక మీద పడున్నాయి. పైగా తమ గొడుగు డబ్బు బ్యాంకులో పడిందే తప్ప ఏ కంపెనీవాడూ కవరు పట్టుకు రాలేదు.

నర్సు వెళ్ళగానే అత్తయ్య ఫైలు తీసింది. ముప్పై ఒక్కటిలో కంపెనీలు నిజంగా దిగొచ్చినవి తొమ్మిది. మిగతా ఇరవైరెండింటికీ 'మీ కోరిక తిరస్కరించడమైనది' అనే ఉత్తరాలు గుచ్చి ఉన్నాయి. ప్రతి ఉత్తరం మీదా మావయ్య ఎర్రసిరాతో అడ్డంగా రాశాడు: 'విజయం'.

ఆరోగ్యం కోసం టీ మానేశానని మూడేళ్ళుగా చెబుతున్న మనిషిని తను నమ్మినందుకు అత్తయ్యకు తన మీద తనకే కోపం వచ్చింది. ఫైలు ఎక్కడిదక్కడ పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కూరలు తరుక్కుంటూ కూర్చుంది.

ఆ నెలలోనే మేడమీద గది కుట్టుపని అమ్మాయి ఆ గొడుగు కంపెనీ నుంచే బరువైన కుట్టుమిషను తెప్పించింది. బల్ల వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే బల్ల పట్టదు. పన్నెండో రోజున ఏడుపుముఖంతో మావయ్య దగ్గరికొచ్చింది. మిషను ధర ఇస్తారట గానీ, డెలివరీకి కట్టించుకున్నది ఇవ్వరట. అది ఆమె నెల రోజుల కుట్టుకూలి. ఆ నెల గది అద్దె కూడా అదే. కారణం అడిగితే, మిషనుతో వచ్చిన సూదుల పొట్లం ఆమె విప్పి వాడేసిందట, కాబట్టి ఆర్డరు 'మొత్తం' తిరిగి రానట్టేనట.

"నేనున్నాగా" అన్నాడు మావయ్య. ఉద్యోగం మిగిల్చిన రైల్వే ఉచిత పాసు జేబులో పెట్టుకుని, మిషనును పార్శిలు బోగీలో వేయించి, కంపెనీ గోడౌను ఉన్న ఊరికి స్వయంగా బయల్దేరాడు.

పదకొండో తేదీ శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"మిషను తీసుకున్నారు. డెలివరీ ఖర్చు మాత్రం ఇవ్వరట. నువ్వొక పని చెయ్యి. బీరువాలో నా పళ్ళసెట్టుకని దాచిన డబ్బుంది. ఒక కవర్లో పెట్టి, కంపెనీ ఇచ్చిందని ఆ పిల్లకిచ్చెయ్యి. ఎందుకని అడక్కు."

"అడగను. ఇరవైరెండు కవర్లకీ అడిగానా?"



"ఎప్పట్నుంచి తెలుసు?"

"అదలా ఉంచండి. పళ్ళసెట్టు డబ్బు నేను ముట్టుకోను. పళ్ళు లేకపోతే మీరు ఫోన్లో ఏడో పేరా అంటే వాళ్ళకి ఏడ్చినట్టు వినపడుతుంది. బిల్లు తియ్యండి. సూదుల ఎదురుగా ఏమని ఉంది?"

కాగితం గరగరలాడింది. "ఉచితం అని ఉందే."

"వాళ్ళు ఉచితంగా పడేసినవాటిని ఆ పిల్ల ఎప్పుడు ఆర్డరిచ్చింది? ఆర్డరిచ్చింది మిషను ఒక్కటే. అది మొత్తం వాళ్ళ గోడౌన్లోనే ఉంది. అదే రాసివ్వండి."

"నీకీ పాయింట్లన్నీ ఎలా తెలుసు?"

"పదకొండేళ్ళుగా అన్నంతోపాటు మీరు వడ్డిస్తున్నదేగా. రాసిస్తే జవాబు ఎన్నాళ్ళలో చెప్పాలి?"

"మూడు పనిదినాలు. తొమ్మిదో పేరా."

"అయితే అక్కడే కూర్చోండి. మూడు రోజులూ వాళ్ళ గుమ్మంలోనే. రోజుకి రెండు పూటలా టీ తాగండి, డబ్బులు పంపుతున్నాను."

ఫోను పెట్టేసరికి కుట్టుపని అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"కవరు ఏమైనా వచ్చిందా అత్తయ్యా? మావయ్యగారు తెస్తే కవర్లోనే తెస్తారని నర్సుగారు చెప్పారు."

"ఈసారి కవర్లు లేవమ్మా. కంపెనీవాళ్ళు పద్ధతి మార్చారు. తిన్నగా నీ బ్యాంకులోనే వేస్తారు."

"మరి మావయ్యగారు?"

అత్తయ్య గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, మధ్యలో శని, ఆదివారాలు వదిలేసి వేలితో లెక్కపెట్టింది.

"గురువారం మధ్యాహ్నం బండికి దిగుతారు. పదిహేడో తేదీ."