కామేశ్వరి టీచరమ్మ బొమ్మలన్నిటికి ఒకటే మొహం

మా చిన్నతనంల... దసరా సెలవులియ్యంగనే అశోక్‌నగర్‌ల మా గల్లీ మొత్తం మెంతుల వాసన కొట్టేది.

వంట కాదు... కామేశ్వరి టీచరమ్మ కాగితం బొమ్మల క్లాసు. గల్లీ చివర కాలనీ హాలుల, సెలవులున్నన్ని దినాలు, ఎవరొస్తే వాళ్ళకు నేర్పేది. పాత రద్దీ పేపర్లు చింపి డ్రమ్ముల నానబెట్టాలె, రోట్ల దంచాలె, మెంతులు రుబ్బి కలపాలె. గుజ్జు తయారు. దాంతోటి రాజు, రాణి, పోలీసు, కూరగాయలమ్మే ఆమె... టీచరమ్మ వాళ్ళది కోస్తా. దసరాకు బొమ్మల కొలువు పెడతరు. ఏటా ఒక్క కొత్త బొమ్మన్న చేరాలెనంట అందుల.

ఇప్పుడు దీన్నే సస్టైనబుల్ లివింగ్ అంటున్నరు. మా నాయిన అప్పట్ల పిసినారితనం అనేటోడు.

నేనేదో కళ మీద ప్రేమతోటి పోయిన అనుకునేరు... ఇంట్ల ఉంటే ఆగమాగం చేస్తున్నానని అమ్మ తరిమేసింది. అక్కడికి పోయి పక్కోని అంగీల మెంతుల ముద్ద వేసుడే నా చదువు. బడిల కూడ అంతకంటె ఎక్కువ చదవలేదు, అది వేరే సంగతి.

టీచరమ్మ పద్ధతి వేరే ఉండె. ఒళ్ళు ఎట్లన్న చెయ్యి, మొహం మాత్రం కండ్లు మూసుకొనే చెయ్యాలె. రెండు బొటనవేళ్ళతోటి కండ్లకాడ గుంటలు నొక్కి, అట్లనే చెంపల మీదికి జార్చాలె. ఆఖరికి గడ్డం మీద చిటికెన వేలితోటి చిన్న సొట్ట. మాకు రాకపోతే వెనుక నిలబడి, మా వేళ్ళ మీద ఆమె వేళ్ళు పెట్టి నొక్కేది. చల్లటి వేళ్ళు... నోరు మూతబడేది.

ఒకనాడు ఉండలేక అన్న.

"టీచరమ్మా, మీ రాజుకు, రాణికి, పోలీసుకు ఒకటే మొహం ఉన్నది. అందరు ఒక్క తల్లి పిల్లలా ఏంది?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలే.

"అవునురా వెధవా... ఒక్క తల్లే."

ఇంటికి పోయి అమ్మను అడిగితే అప్పుడు తెలిసింది. టీచరమ్మకు ఒక్కతే బిడ్డ, పద్మ. మేము ఈ గల్లీకి రాకముందే జ్వరమొచ్చి పోయింది. ఉన్నది ఒక్కటే ఫోటో. ఒక వానకాలం పక్కనున్న మురికి నాలా పొంగి ఇండ్లల్లకు నీళ్ళొస్తే, ఆ ఫోటో అద్దానికి అతుక్కొని సరిగ్గ మొహం కాడనే ఊడిపోయిందంట.

ఆ దసరాకు వాళ్ళింటికి కొలువు చూడబోయిన. మెట్ల నిండ బొమ్మలు... మీసాలున్న సిపాయికి అదే మొహం. బోసినోటి ముసలమ్మకు అదే మొహం. అన్నీ నన్నే చూస్తున్నయి. చేతిలున్న శనగలు అక్కడనే పెట్టి ఇంటికి ఉరికిన.

మరుసటేడు క్లాసు నడుస్తుంటే టీచరమ్మ భర్త మూర్తిగారు వచ్చిండు. ఆఫీసు మనిషి, గుజ్జు వైపు కూడ ఎన్నడు చూడనోడు. కోఠిల కొన్నడంట, చేతిల ఒక పొట్లం.

"కామేశ్వరీ, అచ్చు తెచ్చాను. ఇందులో గుజ్జు నొక్కితే చాలు, మొహం దానంతటదే వచ్చేస్తుంది."

"ఎవరి మొహమండీ?"

"ఎవరిదో ఒకరిది! ఇంట్లో ఎటు తిరిగినా అదే చూస్తోంది... నాకు అన్నం సహించట్లేదు."

మేమందరం చేతుల ముద్దలు పట్టుకొని అట్లనే కూసున్నం.

"నేను మానేస్తే ఈ వేళ్ళు మర్చిపోతాయండీ," అన్నది మెల్లగ. "అప్పుడు దాన్ని ఎక్కడ వెతుక్కోమంటారు?"

ఆమె ఇంత గుజ్జు తీసి ఆయన చేతిల పెట్టింది.

"మీరు చెయ్యండి. ఒక్కసారి."

ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి కండ్లు మూసుకున్నడు. చానసేపు నొక్కిండు. తెరిచి చూస్తే... రెండు గుంటలున్నయి, అంతే. మొహం లేదు.

"నాకు రావట్లేదు కామేశ్వరీ... గుర్తు రావట్లేదు. నిజంగా గుర్తు రావట్లేదు..."

పెద్దమనిషి, మా ముందల్నే ఏడ్చిండు. తిడతదేమో అనుకున్న. తిట్టలే. ఆయన వెనుకకు పోయి నిలబడి, మాకు పెట్టినట్టే ఆయన వేళ్ళ మీద వేళ్ళు పెట్టింది. ఆ పొట్లం విప్పనే లేదు.

ఆనాటి నుంచి సెలవులైపోయేదాక ఆయన కూడ మా పక్కన చాప మీద కూసున్నడు. ఆయన మీద నేను ఒక్క జోకు కూడ వెయ్యలే. నన్నెరిగినోళ్ళు ఇది నమ్మరు.

ఇప్పుడు ఇద్దరు లేరు. ఆ ఇల్లు అపార్ట్‌మెంటయింది, హాలు కోచింగ్ సెంటరయింది. బొమ్మలేమైనయో అడిగితే చెప్పేటోళ్ళు లేరు.

మొన్న చిక్కడపల్లిల ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌ల ఇట్లాంటి క్లాసే పెట్టిన్రు. నా బిడ్డ గుంజుకపోయింది. పోంగనే మొదలుపెట్టిన, "మెంతులు గింతెక్కువేసిన్రు, దోసెలు గూడ పోస్తరా ఏంది?" అని. నేర్పే పిల్ల గట్టిదే... "అంకుల్, మాటలు తర్వాత, ముందు చెయ్యండి," అని చేతిల గుజ్జు పెట్టింది.

కండ్లు మూసుకున్న. ఎవరు చెప్పలే. బొటనవేళ్ళు వాటంతటవే పోయినయి...

"డాడీ, ఎవరు ఈ పాప?" అన్నది నా బిడ్డ.

పద్మను నేను ఎన్నడు చూడలే. ఆమెను చూసినోళ్ళు ఇద్దరు ఇప్పుడు లేరు. గా మొహం ఈ మొద్దు చేతులల్ల ఇన్నేండ్లు ఎట్లున్నదో... ఆ దినం నుంచి చేతులు కడుక్కోవాలన్నా అదోలా ఉంటున్నది.

అశోక్‌నగరోళ్ళు, నారాయణగూడోళ్ళు... దసరా సెలవులల్ల ఆ చాప మీద కూసున్నోళ్ళు ఇంకెవరన్న ఇది చదువుతుంటే, జర నాలుగు పేపర్లు నానబెట్టుండ్రి. చేసి చూసి, ఎవరి మొహమొచ్చిందో కింద కామెంట్ల ఫోటో పెట్టుండ్రి. నేనొక్కణ్ణే మిగిలిననేమో అని భయమైతున్నది...